పెద్దపేగు కేన్సర్ పరీక్ష: ఉత్తరం సొరుగులోనే ఉండిపోతే?

పోయిన ఉగాదికి ఇక్కడ నేస్‌లో ఒక మిత్రుడి ఇంట్లో పది కుటుంబాలు కలిశాం. భోజనాలయ్యాక అరవై దాటిన ఒక పెద్దాయన నన్ను పక్కకి పిలిచి, "బాబూ, పెద్దపేగు పరీక్ష చేయించుకోమని గవర్నమెంటు వాళ్ళు ఉత్తరం పంపారు. ఐదు నెలలై సొరుగులో పడేశాను. నాకేం జబ్బు లేదు కదా, ఇదెందుకు?" అని అడిగారు. నేను డాక్టర్ని కాను, సాఫ్ట్‌వేర్ ఇంజనీరుని. ఆయన ప్రశ్నకి జవాబు వెతుకుతూ చదివిన విషయాలే మీతో పంచుకుంటున్నాను.

జబ్బు లేనప్పుడు పరీక్ష ఎందుకు?

పెద్దపేగు కేన్సర్ చాలావరకు పాలిప్స్ అనే చిన్న కండ పెరుగుదలలతో మొదలవుతుంది. అవి కేన్సర్‌గా మారడానికి సాధారణంగా పదేళ్ళ వరకు పడుతుంది. ఆ పదేళ్ళలో మనిషికి నొప్పి ఉండదు, అనుమానమూ రాదు. అప్పుడే పట్టుకుంటే కొలనోస్కోపీ చేస్తూనే పాలిప్‌ని తీసెయ్యవచ్చు. అంటే ఈ పరీక్ష కేన్సర్‌ని ముందుగా కనిపెట్టడమే కాదు, కొందరికి అసలు రాకుండా ఆపుతుంది కూడా.

ఇంట్లోనే చేసుకునే పరీక్ష పేరు 'ఫిట్'. మలంలో కంటికి కనిపించని రక్తం ఉందేమో చూస్తుంది. ఒక్క శాంపిల్ చాలు, పథ్యం అక్కర్లేదు. రక్తం కనబడితే కేన్సర్ ఉన్నట్టు కాదు. కొలనోస్కోపీతో చూడాలని అర్థం.

ఐర్లండులో పద్ధతి

ఇక్కడ బవల్‌స్క్రీన్ అనే జాతీయ కార్యక్రమం 2012లో 60 నుంచి 69 ఏళ్ళ వారితో మొదలైంది. 2023లో 59 ఏళ్ళ వారినీ చేర్చారు. క్రమంగా 55 నుంచి 74 దాకా విస్తరించాలన్నది లక్ష్యం. ఆహ్వానం వచ్చాక మనం సరేనని తెలియజేస్తే కిట్ ఇంటికి వస్తుంది. శాంపిల్ తీసి పోస్టులో వేస్తే చాలు. రెండేళ్ళకొకసారి చేస్తారు. పరీక్షా, అవసరమైతే కొలనోస్కోపీ, రెండూ ఉచితమే. అయినా మొదటి విడతలో ఆహ్వానం అందినవారిలో పాల్గొన్నది సుమారు 40 శాతమే. ఉచితంగా ఇచ్చినా సగానికి పైగా జనం వద్దన్నారన్నమాట!

క్లినిక్ ఏం చేస్తే జనం ముందుకొస్తారు?

ఇది నాలాంటివాళ్ళకి బాగా అర్థమయ్యే సమస్య. మధ్యలో ఎన్ని మెట్లుంటే అన్నిచోట్ల మనుషులు జారిపోతారు. మెట్లు తగ్గించినచోట ఫలితం కనబడింది.

మొదటిది, రోగి వచ్చి అడిగేదాకా ఆగకపోవడం. ఉత్తర కాలిఫోర్నియాలో కైజర్ పర్మనెంటే సంస్థ 2006-2008 మధ్య, వయసు వచ్చిన సభ్యులకి తనే ఫిట్ కిట్లు పోస్టులో పంపడం మొదలుపెట్టింది. పరీక్షలు సకాలంలో చేయించుకున్నవారు 2000లో 39 శాతం ఉంటే, 2015కి 83 శాతం అయ్యారు. ఆ సభ్యులలో ఈ కేన్సర్ మరణాల రేటు సగానికి పైగా తగ్గింది.

రెండవది, తేలికైన దారి కూడా చూపడం. శాన్ ఫ్రాన్సిస్కో ప్రభుత్వ క్లినిక్‌లలో సుమారు వెయ్యిమందితో చేసిన పరిశోధన 2012లో వెలువడింది. కొలనోస్కోపీ ఒక్కటే చెబితే 38 శాతం మంది పూర్తిచేశారు. మల పరీక్ష చెబితే 67 శాతం, రెండిటిలో ఏదైనా ఎంచుకోమంటే 69 శాతం.

మూడవది, తెలిసిన డాక్టరు మాట. ఇంగ్లండులో ఆహ్వాన ఉత్తరం మీద సొంత జీపీ సమర్థన చేరిస్తేనే స్పందన కొంత పెరిగింది. గుర్తుచేసే ఉత్తరాలూ పనిచేస్తాయి.

నాలుగవది, అందరూ మరిచిపోయేది. రక్తం కనబడినవారు కొలనోస్కోపీకి వెళ్ళారా లేదా అని ఎవరో ఒకరు లెక్క చూడాలి. అక్కడ ఆగిపోతే అంతకుముందు చేసినదంతా వృథా.

మనవాళ్ళ సంగతి

బ్రిటన్‌లో దక్షిణాసియా కుటుంబాలవారు ఈ పరీక్షకి తక్కువగా ముందుకొస్తారని పరిశోధనలు తేల్చాయి. కారణాలు మనకి తెలియనివా! మలం మాట ఎత్తడమే సిగ్గు. పైగా "మన తిండి వేరు, మనకి రాదు" అన్న ధీమా. ఇండియాలో ఈ కేన్సర్ తక్కువే. కానీ వలస వచ్చినవారిలో ఇది వచ్చే అవకాశం కాలక్రమంలో స్థానికుల స్థాయి వైపు మారుతుంది. దానికి తోడు, ఇక్కడ మెడికల్ కార్డు లేని మనలో చాలామంది జ్వరమొస్తే తప్ప జీపీ గడప తొక్కం. ఆ 'తెలిసిన డాక్టరు' మనకి ఉండడు.

ఇండియాలో ఉన్న తల్లిదండ్రుల మాట కూడా చెప్పుకోవాలి. అక్కడి ప్రభుత్వ స్క్రీనింగ్ నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార కేన్సర్లకే. పెద్దపేగుకి ఎవరూ ఉత్తరం పంపరు. వాళ్ళ డాక్టర్ని మనమే అడగాలి.

గుర్తుంచుకోవలసినవి

* తల్లిదండ్రులకో తోబుట్టువులకో ఈ కేన్సర్ వచ్చి ఉంటే ఉత్తరం కోసం ఆగకండి, జీపీని ఇప్పుడే అడగండి.
* మలంలో రక్తం, విరేచనం తీరులో మార్పు, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత ఉంటే స్క్రీనింగ్ కోసం చూడకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. వయసుతో పనిలేదు.
* ఒకసారి ఏమీ లేదని వస్తే శాశ్వతం కాదు. రెండేళ్ళ తర్వాత మళ్ళీ చేయాలి.
* మీ వయసు వారికి ఆహ్వానం ఉందో లేదో, మీ పేరు రిజిస్టర్‌లో ఉందో లేదో హెచ్‌ఎస్‌ఈ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు.

ఆ పెద్దాయన నా ఉపన్యాసమంతా విని తల ఊపారు గాని కదలలేదు. నెల తర్వాత బీపీ మందుల కోసం వెళ్ళినప్పుడు ఆయన జీపీ, "ఆ ఉత్తరం వచ్చిందా? చేసి పంపించండి" అన్నారట. ఆ వారమే కిట్ తెప్పించుకున్నారు. తరువాత కొలనోస్కోపీలో రెండు పాలిప్స్ తీసేశారు, కేన్సర్ లేదు. మొన్న కలిసినప్పుడు, "ఇంకో ఐదు నెలలు సొరుగులోనే ఉంచేవాడినోయ్" అన్నారు.

మీ ఇంట్లో అలాంటి సొరుగు ఉంటే ఈ ఆదివారం ఒకసారి తెరిచి చూడండి.