ఇంగ్లండు పల్లెల్లో, రేవుల్లో పాటల సేకరణ

ఇంగ్లండులో పల్లెపాటల మాటలు ఎప్పటినుంచో అచ్చవుతూ వచ్చాయి కానీ, వాటి వరసలను పట్టించుకున్నవాళ్ళు తక్కువ. 1843లో జాన్ బ్రాడ్‌వుడ్ అనే మతాచార్యుడు ససెక్స్, సర్రీ పల్లెల్లో విన్న కొన్ని పాటలను స్వరాలతో సహా చిన్న పుస్తకంగా వేయించాడు. జనం ఎలా పాడుతున్నారో అలాగే వరసలు ఇచ్చినట్టు పేరుపుటలోనే చెప్పాడు. తరవాత వచ్చిన సేకర్తలందరికీ ఆ పట్టుదల లేదు. 1889 నుంచి డెవన్, కార్న్‌వాల్ పాటలను ప్రచురించిన పాదిరి సబీన్ బేరింగ్-గూల్డ్, మర్యాదస్తుల ఇళ్ళలో పాడుకోవడానికి పనికిరావనుకున్న చరణాలను మార్చి రాశాడు. అయితే అసలు పాఠాల రాతప్రతిని ప్లిమత్ గ్రంథాలయానికి అప్పగించాడు. ఆ పాటగాళ్ళు నిజంగా ఏం పాడారో ఈనాడు తెలుస్తున్నది దాని పుణ్యమే.

1898లో లండన్‌లో ఫోక్ సాంగ్ సొసైటీ ఏర్పడింది. దాని మొదటి కార్యదర్శి కేట్ లీ ఆ రోజుల్లోనే ససెక్స్ తీరంలోని రాటింగ్‌డీన్‌కు వెళ్ళి కాపర్ అన్నదమ్ములు జేమ్స్, థామస్ పాడగా విని రాసుకుంది. ఒకరు పొలం పనులు చేయించే మేస్త్రీ, మరొకరు పబ్బు నడిపేవాడు. ఇద్దరూ రెండు వేర్వేరు స్వరాల్లో ఒకే పాటను జతకలిపి పాడేవారు. ఆ ఇద్దరినీ సొసైటీ గౌరవ సభ్యులుగా చేర్చుకుంది.

సేకరణ ఊపందుకున్నది 1903లో. ఆ సెప్టెంబరులో సోమర్‌సెట్‌లోని హాంబ్రిడ్జ్ పాదిరి ఇంటి తోటలో జాన్ ఇంగ్లండ్ అనే తోటమాలి ‘ద సీడ్స్ ఆఫ్ లవ్’ పాడుకుంటుంటే, లండన్ నుంచి వచ్చిన సంగీత ఉపాధ్యాయుడు సెసిల్ షార్ప్ విన్నాడు. వరసను అక్కడికక్కడే రాసుకున్నాడు. ఆ ఊళ్ళోనే కుట్టుపనితో బతికే లూయీ హూపర్, లూసీ వైట్ అనే అక్కచెల్లెళ్ళ దగ్గర పాటల పుట్ట దొరికింది. 1924లో చనిపోయేనాటికి షార్ప్ రాసుకున్న వరసలు ఐదు వేలకు దగ్గర పడ్డాయి. వాటిలో కొన్ని అమెరికాలోని అపలాచియన్ కొండల్లో తన సహాయకురాలు మాడ్ కార్పెలెస్‌తో కలిసి తిరిగి సేకరించినవి.

అతణ్ణి ఎక్కువగా ఆకట్టుకున్నవి వరసలే. డోరియన్, మిక్సోలిడియన్ వంటి పాత స్వరక్రమాలు ఆ వృద్ధుల గొంతుల్లో ఇంకా బతికే ఉన్నాయి. కర్ణాటక సంగీతం తెలిసినవారికి వీటి స్వరస్థానాలు కొత్తవి కావు. మొదటిది ఖరహరప్రియ, రెండోది హరికాంభోజి. ఈ మోజుకు మరో ముఖం కూడా ఉంది. ఆ పాటగాళ్ళే ఇష్టంగా పాడే, పట్నాల వినోదశాలల నుంచి వచ్చిన మ్యూజిక్ హాల్ పాటలను సేకర్తలు చాలావరకు వదిలేశారు. పల్లెపాటలు నోటినుంచి నోటికే వచ్చాయని నమ్మారు కానీ, లండన్‌లోని సెవెన్ డయల్స్ వంటి చోట్ల అచ్చయి చవగ్గా అమ్ముడైన ఒంటికాగితం పాటలు పల్లెలకు ఎంతగా చేరాయో తరవాతి పరిశోధకులు చూపించారు.

1903 డిసెంబరులోనే ఎసెక్స్‌లోని ఇన్‌గ్రేవ్‌లో చార్ల్స్ పాటిఫర్ అనే ముసలి కూలీ పాట సంగీతకర్త రాల్ఫ్ వాన్ విలియమ్స్‌ను కదిలించింది. 1905 జనవరిలో ఆయన నార్ఫోక్ రేవుపట్టణం కింగ్స్ లిన్‌కు వెళ్ళి, బెస్తలు నివసించే నార్త్ ఎండ్ పేటలో కూర్చున్నాడు. జేమ్స్ కార్టర్ అనే బెస్తవాడు పాడిన ‘ద కెప్టెన్స్ అప్రెంటిస్’ ఒక తండ్రిలేని పిల్లవాడి కథ. అనాథలను, నిరుపేదలను ఉంచే వర్క్‌హౌస్ నుంచి ఓడ పనికి తెచ్చిన ఆ పిల్లవాణ్ణి కెప్టెన్ హింసించి చంపుతాడు. అలాంటి పిల్లలు ఒకప్పుడు నిజంగానే ఆ రేవుల్లో పనిచేశారు. ఆ వరస వాన్ విలియమ్స్ వాద్యబృందం కోసం రాసిన 1906 నాటి నార్ఫోక్ రాప్సడీలోకి ఎక్కి కచేరీ హాళ్ళకు చేరింది. ఆ పిల్లవాడి కథ మాత్రం చేరలేదు. పాటలోని బరువంతా ఆ కథదే కనుక ఈ నష్టం చిన్నది కాదు.

కాగితం మీద ఎక్కని దాన్ని పట్టుకోవాలని గట్టిగా ప్రయత్నించినవాడు ఆస్ట్రేలియాలో పుట్టిన పెర్సీ గ్రేంజర్. 1906లో అతను లింకన్‌షైర్‌కు ఫోనోగ్రాఫ్ తీసుకెళ్ళి మైనపు సిలిండర్ల మీద పాటలు ఎక్కించాడు. డెబ్బై దాటిన జోసెఫ్ టేలర్ ఒక్కో చరణంలో వరసను కొద్దికొద్దిగా మార్చి, గమకాలు వేసి పాడేవాడు. గ్రేంజర్ ఆ మార్పులన్నిటినీ స్వరలిపిలోకి దించాడు. శిక్షణ పొందిన చెవే చాలునని, యంత్రం ముందు పాటగాడు బిగుసుకుపోతాడని షార్ప్ అభ్యంతరం. ఈ వాదంలో గ్రేంజర్ వైపే న్యాయం ఎక్కువ. 1908లో గ్రామఫోన్ కంపెనీ రికార్డు చేసిన టేలర్ గొంతును ఈరోజు ఎవరైనా వినవచ్చు. జాన్ ఇంగ్లండ్ ఆ రోజు ఎలా పాడాడో వినే దారి లేదు.

మొదటి ప్రపంచయుద్ధం ఈ ఊపును తుంచేసింది. సేకర్త, సంగీతకర్త జార్జ్ బటర్‌వర్త్ 1916లో సోమ్ యుద్ధంలో చనిపోయాడు. ఆ యుద్ధకాలంలోనే స్విండన్ రైలు కర్మాగారంలో ఒకప్పుడు సమ్మెట కొట్టిన ఆల్‌ఫ్రెడ్ విలియమ్స్, సైకిలు మీద థేమ్స్ ఎగువ పల్లెలన్నీ తిరిగి పాటల మాటలు రాసుకున్నాడు. వరసలు రాసుకోలేదు. కానీ ఇతరులు పక్కనపెట్టిన పాటలు కూడా అతని 1923 నాటి పుస్తకంలో ఉన్నాయి.

మళ్ళీ పెద్ద ఎత్తున సేకరణ జరిగింది 1952–57 మధ్య బీబీసీ పథకంలో. టేపు రికార్డర్లతో తిరిగినవారిలో రాటింగ్‌డీన్ జేమ్స్ మనవడు బాబ్ కాపర్ ఒకడు. పాడే ఇంటివాడే సేకర్త అయ్యాడు. 1878లో పుట్టిన నార్ఫోక్ జాలరి శామ్ లార్నర్ హెర్రింగ్ చేపలవేటలో జీవితమంతా గడిపాడు. అతని పాటలతో పాటు వేట కబుర్లనూ గాయకులు యూవన్ మకాల్, పెగ్గీ సీగర్ రికార్డు చేశారు. ఆ మాటల నుంచే 1960లో బీబీసీ నిర్మాత చార్ల్స్ పార్కర్‌తో కలిసి ‘సింగింగ్ ద ఫిషింగ్’ అనే రేడియో కార్యక్రమం తయారు చేశారు. అందుకోసం మకాల్ రాసిన ‘షోల్స్ ఆఫ్ హెర్రింగ్’ను తరవాత చాలామంది పాతపాటే అనుకుని పాడారు.

ఈ సామగ్రినంతటినీ ఒక చోటికి తెచ్చినవాడు గ్రంథాలయ ఉద్యోగి స్టీవ్ రౌడ్. ఒకే పాట ఎన్ని రూపాల్లో దొరికినా అన్నిటికీ ఒకే సంఖ్య ఇస్తూ, పాడినవారి పేరు, ఊరు, సేకర్త పేరు పక్కపక్కన నమోదు చేశాడు. హాంబ్రిడ్జ్ తోటమాలి పాటకు ఆ సూచికలో 3వ సంఖ్య.