పొదుపు ఖాతా: వడ్డీ, భద్రత, ఎర

మేడ్చల్, శామీర్‌పేటల్లో భూమి అమ్ముకున్న రైతునూ, ఫ్యాక్టరీలో నెలజీతానికి కుదిరిన కార్మికుణ్ణీ యీనాడు వేధించే ప్రశ్న ఒకటుంది: డబ్బు ఏ బ్యాంకులో వేయాలి? వడ్డీ శాతాలు పక్కపక్కన పెట్టి చూసినంత మాత్రాన దీనికి సమాధానం దొరకదు. ఆ శాతాల వెనుకనున్న చరిత్రను పరిశీలించవలసి వుంది.

నిజాం కాలంలో మేడ్చల్ అత్రాఫ్ బల్దా జిల్లాలోది. అది సర్ఫెఖాస్ ఇలాకా. అక్కడి శిస్తు నిజాం సొంత ఖజానాకే పోయేది. సంస్థానం 1941లో చట్టం చేసి హైదరాబాద్ స్టేట్ బ్యాంకును స్థాపించి, హాలీ సిక్కా నిర్వహణను దానికి అప్పగించింది. రైతు మాత్రం షావుకారు గుప్పిట్లోనే వుండిపోయాడు. 1951-52 నాటి అఖిల భారత గ్రామీణ పరపతి సర్వే ప్రకారం దేశంలో రైతు అప్పులో దాదాపు 70 శాతం వడ్డీ వ్యాపారులది. వాణిజ్య బ్యాంకులది 1 శాతం కూడా లేదు. ఆ హైదరాబాద్ బ్యాంకు 1959లో భారతీయ స్టేట్ బ్యాంకుకు అనుబంధమై, 2017లో అందులో లీనమైంది.

భద్రత కూడా ఎవరో దయతలచి యిచ్చింది కాదు. 1960లో కేరళలో పాలై సెంట్రల్ బ్యాంకు కూలిన తర్వాతనే, 1962 జనవరి 1న డిపాజిట్ బీమా వచ్చింది. పరిమితి 1,500 రూపాయలు. 1993లో అది లక్ష అయింది. 2001లో హైదరాబాదులో కృషి సహకార బ్యాంకు కూలినా ఆ లక్ష కదలలేదు. 5 లక్షలు కావడానికి 2020 ఫిబ్రవరి దాకా పట్టింది.

పొదుపు వడ్డీని 2011 అక్టోబరు వరకు రిజర్వు బ్యాంకే నిర్ణయించేది. అప్పుడది 4 శాతం. తర్వాత దాన్ని బ్యాంకుల యిష్టానికి వదిలేశారు. యెస్ బ్యాంకు వెంటనే 6 శాతం ప్రకటించింది. 2020 మార్చిలో అదే బ్యాంకు ఖాతాదార్లు 50,000 రూపాయలకు మించి తీసుకోరాదని ఆంక్ష వచ్చింది. ఎక్కువ వడ్డీయే ఆ పతనానికి కారణమని నేననను. మూలం మొండి బాకీలు. అయితే దాన్ని నిలబెట్టడానికి ముందుకు వచ్చింది ప్రభుత్వ రంగ స్టేట్ బ్యాంకే. ఆ స్టేట్ బ్యాంకు తన ఖాతాదారుకిచ్చే వడ్డీ 2025 జూన్‌లో 2.5 శాతానికి దిగింది. అంటే ప్రైవేటు పెట్టుబడి నష్టానికి కాపు కాసిన బ్యాంకులోనే సామాన్యుడికి తక్కువ వడ్డీ.

ఇక లెక్క చూద్దాం. కార్మికుని ఖాతాలో 10,000 వుంటే 2.5కీ 6కీ తేడా ఏడాదికి 350 రూపాయలు. కనీస నిల్వ తగ్గిందని వేసే జరిమానాకే అది చాలదు. రైతు 10 లక్షలు వేస్తే తేడా 35,000. కాని ఒక బ్యాంకులో ఎన్ని శాఖల్లో వేసినా, అసలూ వడ్డీ కలిపి 5 లక్షలకే బీమా. మిగతా సగానికి హామీ లేదు. వేర్వేరు బ్యాంకుల్లో పంచి వేసుకుంటే ఒక్కొక్కదానిలో 5 లక్షలకు బీమా వుంటుంది. పోస్టాఫీసు పొదుపుకు ప్రభుత్వమే పూచీ.

డిపాజిట్ తీసుకునేటప్పుడు 250 రూపాయలకు మించిన కానుక యివ్వరాదనీ, లాటరీలు పెట్టరాదనీ రిజర్వు బ్యాంకు నిబంధన. అందుచేత ఎర కార్డు రాయితీల రూపంలో వస్తుంది. ఎరను చూసేవాడు షరతులు చదవాలి.

జీవితంలో ఒక్కసారి ఎకరం అమ్మినవాడికి 5 లక్షల హామీ చాలదు. పరిమితి పెంచాలని అడగడం మన పని. మరో బ్యాంకు కూలేదాకా ఆగనక్కరలేదు.