కలివికోడి కాపురం

చరిత్ర అనగానే మనకి రాజులూ, కోటలూ, యుద్ధాలూ గుర్తుకొస్తాయి. పిట్టలకి కూడా చరిత్ర ఉంటుందనీ, అందులోనూ మాయమైపోవడాలూ, మళ్ళీ దొరకడాలూ, ఇంటి స్థలం తగాదాలూ ఉంటాయనీ ఎవరైనా అంటే నవ్వేస్తాం. కానీ మన కడప సీమలో అచ్చంగా అలాంటి పిట్ట ఒకటుంది. దాని పేరు కలివికోడి.

వాక్కాయ పచ్చడి తెలియని ఇల్లాలు మనలో ఉండదు కదా! ఆ వాక్కాయకి దగ్గర చుట్టమైన ముళ్ళపొదే కలివి. కొండల అంచున, రాళ్ళూ రప్పలూ నిండిన నేలలో పెరుగుతుంది. ఆ పొదల మధ్య పరుగులు తీస్తుంది కనకనే జనం దీన్ని కలివికోడి అన్నారు. పేరుకి కోడేగాని, ఒళ్ళంతా కలిపి 27 సెంటీమీటర్లకి మించదు. రొమ్ము మీద రెండు గోధుమరంగు పట్టీలు, రెండు పేటల గొలుసు వేసుకున్నట్టుంటాయి. పగలంతా ఎక్కడో నక్కి ఉండి, చీకటి పడ్డాక గాని బయటికి రాదు.

థామస్ జెర్డన్ అనే ఆయన ఈస్టిండియా కంపెనీ కొలువులో వైద్యుడు. రోగుల నాడి చూస్తూనే మన పక్షుల లెక్కా చూశాడు. ఆయన పుణ్యమా అని 1848లో ఈ పిట్ట శాస్త్రగ్రంథాల్లోకెక్కింది. ఇంగ్లీషులో ఆయన పేరే పెట్టారు, జెర్డన్స్ కోర్సర్ అని. ఆ తర్వాత అక్కడొకటీ ఇక్కడొకటీ కనిపించి, 1900లో అనంతపురం దగ్గర చివరిసారి కనపడింది. అంతే! ఎంతమంది వెతికినా జాడ లేదు. ఇక ఈ జాతి అంతరించినట్టేనని పెద్దపెద్ద పండితులు అనుకున్నారు.

86 ఏళ్ళు గడిచాయి. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ అనే యువకుడు పక్షి బొమ్మ పట్టుకుని కడప ప్రాంతంలో పల్లెలన్నీ తిరిగాడు. పుస్తకాల్లో చచ్చిపోయిన పిట్టని పల్లెల్లో గుర్తుపట్టినవాళ్ళున్నారు! 1986 జనవరిలో ఒక రాత్రి, పిట్టలు పట్టడమే వృత్తిగా బతికే ఒకాయన దీపం వెలుగులో దాన్ని పట్టి తెచ్చాడు. ఆ పట్టుబడ్డ పక్షి బతకలేదు పాపం. కానీ తన జాతి బతికే ఉందని లోకానికి చెప్పి మరీ పోయింది.

ఇక్కడే నా మనసు ఆగిపోతుంది. పండితుల దగ్గర పుస్తకాలున్నాయి, చదువు రాని ఆ మనిషి దగ్గర పేరుంది. ఏ పొద కింద ఏముంటుందో, ఏ వేళకి ఏది బయటికొస్తుందో తాత తండ్రికీ, తండ్రి కొడుక్కీ చెప్పుకున్న మాట ఉంది. ఆ మాటే లేకపోతే ఎంత గొప్ప శాస్త్రజ్ఞుడైనా ఆ ముళ్ళడొంకల్లో ఎక్కడని వెతుకుతాడు?

ఆ పిట్ట కోసమే 1988లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. సుమారు 464 చదరపు కిలోమీటర్ల అడవి. బద్వేలు వైపు బంధువులింటికి వెళ్ళినప్పుడు నేనూ, మా వదినా చూడబోయాం. పచ్చటి చెట్లూ, జలపాతాలూ ఉంటాయనుకుని బయల్దేరిన మా వదిన, ఆ ఎర్రటి నేలా, మోకాలెత్తు ముళ్ళపొదలూ చూసి, “ఇదేం అడవే? మా పెరటి వెనక బీడు ఇలాగే ఉంటుంది!” అంది.

మాతో వచ్చిన పెద్దాయన నవ్వాడు. “దానికి ఇదే ఇల్లు తల్లీ. చెట్లు మరీ కమ్ముకున్నా ఉండదు, పొదలన్నీ కొట్టేసినా ఉండదు” అన్నాడు.

శాస్త్రజ్ఞులు చెప్పేదీ అదే. పొదా పొదకీ మధ్య పరుగెత్తడానికి కాస్త ఖాళీ కావాలి. మేకలు కొంత మేస్తే, పల్లెవాళ్ళు కొన్ని కట్టెలు కొట్టుకుంటే ఆ ఖాళీ ఉంటుంది. మితిమీరితే పొదే మిగలదు. మన సంసారాల్లాగే, అన్నీ హద్దులో ఉండాలి!

పిట్ట కనపడదు గనక దాన్ని వెతకడానికి వాళ్ళు చేసిన పని నాకు భలే నచ్చింది. మనం ముగ్గేసేముందు వాకిలి చక్కచేసినట్టు, పొదల మధ్య మెత్తటి మట్టి పరిచి సాపుచేసి ఉంచారు. రాత్రి నడిచిపోతే తెల్లారేసరికి మూడు వేళ్ళ అడుగులు అచ్చుపడతాయి. కెమెరాలూ అమర్చారు, కూతను రికార్డు చేశారు.

ఇంతలో మరో ఆపద! 2005లో తెలుగుగంగ కాలువ తవ్వకం ఆ పొదల దాకా వచ్చింది. కాలువ అక్కర్లేదనడానికి నోరెలా వస్తుంది? రాయలసీమలో బిందెడు నీళ్ళ విలువ ఆడవాళ్ళకి తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు! అయినా పక్షి ప్రేమికులు పట్టుబట్టారు. పనులాగి, చివరికి కాలువే పక్కకి తప్పుకుంది. జానెడు పిట్ట కోసం ప్రభుత్వం కాలువ దారి మార్చిందంటే, అది చిన్న చరిత్రా?

అంత చేసినా ఆ తర్వాత ఏళ్ళతరబడి కలివికోడి జాడ తెలియలేదు. మళ్ళీ పాత నిట్టూర్పులే. 2025 ఆగస్టులో మాత్రం కొందరు పక్షి పరిశీలకులు రాత్రివేళ దాని కూత విని రికార్డు చేశారు. కళ్ళకి చిక్కకపోయినా, ఉన్నానని గొంతు విప్పి చెప్పింది.

మేం వెళ్ళినప్పుడు మాకేమీ కనపడలేదు, వినపడలేదు. ముళ్ళు మాత్రం చీర కుచ్చెళ్ళకి బాగా తగులుకున్నాయి. వాటిని ఒక్కొక్కటే ఏరుతూ మా వదిన, “మా అమ్మమ్మకి పొలం గట్టున మొలిచే ప్రతి ఆకుకూరా పేరుతో సహా తెలుసు. నాకు పది కూడా రావు. మా అమ్మాయికి తోటకూర, పాలకూర తప్ప తెలీదు” అంది.

నిజమే కదా! పేరు తెలియని దాన్ని పోయిందని కూడా గుర్తించలేం. కలివికోడిని కాపాడిన తొలి కంచె ప్రభుత్వం వేసింది కాదు. పల్లెవాళ్ళ నోట నిలిచిన ఆ అయిదక్షరాలే.