కోలిటన్ గ్రామపు పెండ్లి పుస్తకములు

ఇంగ్లండు దేశపు నైరుతి భాగమున డెవన్ అను మండలము కలదు. అందు సముద్రమునకు కొలది మైళ్ల దూరమున, కోలి యను చిన్న యేటి ప్రక్కన, కోలిటన్ అను ఊరున్నది. అది రాజధాని కాదు, పుణ్యక్షేత్రమును కాదు. ఎనిమిది పలకల గోపురముగల పాత చర్చి యొకటి, దానిని చుట్టుకొని సంతవీథి, వానికావల పైరుపొలములు, పసులబీళ్లు. అయినను జనసంఖ్యా చరిత్రమును పరిశోధించువారిలో ఈ యూరి పేరెరుగని వారుండరు. కారణము ఆ చర్చిలో 1538వ సంవత్సరము మొదలుకొని వ్రాయబడిన పుస్తకములు. బిడ్డల జ్ఞానస్నానములు, పెండ్లిండ్లు, ఖననములు, ఈ మూడును వానియందు తరతరములుగా వ్రాయబడినవి. వానిలో పెండ్లి పద్దులను గూర్చియే నేనిచట ముచ్చటింపదలచితిని.

ఈ పుస్తకములకు మూలపురుషుడు ఎనిమిదవ హెన్రీ రాజునకు మంత్రియైన థామస్ క్రామ్‌వెల్. ప్రతి పారిషునందును, అనగా ఒక చర్చికి లోబడిన గ్రామపరిధియందును, ఒక పుస్తకముంచవలెననియు, ప్రతి ఆదివారమును చర్చిపెద్దల సమక్షమున గురువు ఆ వారపు సంగతులను అందెక్కింపవలెననియు ఆయన 1538లో ఉత్తరువు చేసెను. పుస్తకము రెండు తాళముల పెట్టెలో నుండవలెను. ఒక తాళపుచెవి గురువువద్ద, రెండవది పెద్దలవద్ద. ఎక్కింప మరచినచో మూడు షిల్లింగుల నాలుగు పెన్నీల జరిమానా. లెక్కల పుస్తకములతోనే బ్రతుకు గడపిన వాడనగుటచే ఈ రెండు తాళముల యేర్పాటు చదివినపుడు నాకు చిరునవ్వు వచ్చినది. లెక్క వ్రాయువానిని పూర్తిగా నమ్మరాదన్న సంగతి ఆ మంత్రికి చక్కగా తెలియును!

జనులు మాత్రము ఇది క్రొత్త పన్నునకు ఎత్తుగడ యని బెదరిరి. ఆ భయము తప్పు కాలేదు. కాని నిజమగుటకు నూటయేబది యేండ్లకు పైగా పట్టినది. ఫ్రాన్సుతో యుద్ధము నడుపుటకు ధనము చాలక 1695 మొదలు కొన్నియేండ్లపాటు పుట్టుకకు, పెండ్లికి, చావునకు గూడ పన్ను వేసిరి. పేదవాని పెండ్లికి సైతము రెండున్నర షిల్లింగులు.

తొలి పుస్తకములు కాగితముపై వ్రాసినవి. తేమకు, ఎలుకలకు అవి పాడగుచుండగా, 1598లో ఎలిజబెత్ రాణి యాజ్ఞచే వానిని తోలుపత్రములపైకి ఎత్తి వ్రాసిరి. ఏటేటా ఒక నకలు బిషప్పునకు పంపవలెనన్న నియమమును అప్పటిదే. అసలు చిరిగిపోయిన చోట ఈ నకలు ఆదుకొన్న సందర్భము లనేకము. అంతర్యుద్ధ కాలమున చాలచోట్ల వ్రాత తప్పినది. 1653లో పెండ్లిని గురువు చేతినుండి తీసి న్యాయాధికారి చేతికిచ్చిరి. 1660లో రాజు తిరిగి వచ్చుటతో పాతపద్ధతియు తిరిగి వచ్చినది.

పాత పద్దులు చదువువాడు ఒక సంగతి మరువరాదు. 1751 వరకు వారి సంవత్సరము మార్చి 25వ తేదీన మొదలగుచుండెను. కావున 1650 నవంబరు ముందు, 1650 ఫిబ్రవరి తరువాత! ఉగాదితో సంవత్సరము మారు మనకిది వింత గాదు. మాఘమాసపు పెండ్లిని వెనుకటి సంవత్సరపు పేరుతోనే కదా చెప్పుకొందుము. ఈ మర్మము తెలియక పెండ్లికి ముందే బిడ్డ పుట్టెనని నిష్కారణముగా నిందమోపిన వంశచరిత్రకారులు లేకపోలేదు.

తొలికాలపు పెండ్లి పద్దు ఒక్క పంక్తి మాత్రమే. తేది, వరుని పేరు, వధువు పేరు. కొన్నియూళ్లలో వధువు పేరు గూడ వ్రాయని గురువులుండిరి. సాక్షులు లేరు, సంతకములు లేవు. ఇందువలన కలిగిన చిక్కు మనకు శకుంతలోపాఖ్యానము చదివినవారికి వేరుగ చెప్పనక్కరలేదు. సాక్షిలేని పెండ్లిని దుష్యంతుడు నిండుసభలో కాదనెను. వ్యాసభారతమున ఆకాశవాణి పలికినది, కాళిదాసు నాటకమున ఉంగరము దొరికినది. ఇంగ్లండు పల్లెపడుచునకు ఆకాశవాణి యెక్కడిది? లండనులో ఫ్లీటు చెరసాల చుట్టుప్రక్కల రహస్యముగా పెండ్లిండ్లు జరిపి సొమ్ము చేసికొను గురువులు కొందరు తయారైరి. ఆ వ్రాతలకు నమ్మకము లేదు. ఆస్తి వ్యాజ్యములకు మాత్రము కొదవలేదు.

తుదకు లార్డ్ హార్డ్‌విక్ తెచ్చిన శాసనము 1754 మార్చి 25 నుండి అమలులోనికి వచ్చెను. మూడు ఆదివారములు చర్చిలో ప్రకటనచేసి యైనను, లైసెన్సు పొంది యైనను, చర్చిలోనే పెండ్లి చేయవలెను. ఇద్దరు సాక్షులుండవలెను. వధూవరులు, సాక్షులు, గురువు అందరును పుస్తకమున వ్రాలు చేయవలెను. క్వేకర్లకు, యూదులకు మాత్రము మినహాయింపు. పెండ్లి పుస్తకమును దిద్ది మోసము చేసినవానికి మరణశిక్ష! మనకు అగ్నిసాక్షి యెట్టిదో వారికి ఆనాటినుండి సిరా అట్టిదైనది.

ఈ శాసనమువలననే పేదవాని చేవ్రాలు చరిత్ర కెక్కినది. వ్రాయరానివారు కలము పట్టి ఒక కొంకరగీటు, అనగా ఇంటూ గుర్తు వేసిరి. ప్రక్కన ఇది ఫలానివారి గుర్తని గురువు వ్రాసెను. 1840 ప్రాంతమున ఇంగ్లండు మొత్తముమీద పెండ్లికొడుకులలో సుమారు మూడవవంతు, పెండ్లికూతుళ్లలో దాదాపు సగము మంది ఇట్లు గీటు పెట్టినవారే. ఒక దేశపు చదువును కొలుచుటకు ఇంతకంటె నిక్కమైన కొలబద్ద ఆ కాలమునకు లేదు. గ్రంథాలయ సంచికలో ఈ మాట చెప్పుట అప్రస్తుతము గాదనుకొందును.

పుస్తకమున వ్రాయని సంగతులును కలవు. 1662 నాటి శాసనముప్రకారము బీదవారిని పోషించు భారము వారి స్వగ్రామ పారిషుది. పెండ్లియైన స్త్రీకి మగనియూరే స్వగ్రామము. కావున పెండ్లికాక గర్భవతియైన పేద పడుచును పొరుగూరివానికి కట్టబెట్టినచో ఈ యూరి ఖర్చు తప్పును. పారిషు అధికారులు చెరబెట్టుదుమని మగవానిని బెదరించి చర్చికి తెచ్చుట గూడ జరిగినది. నార్ఫోక్ మండలములో వెస్టన్ లాంగ్‌విల్ గ్రామపు గురువు జేమ్స్ ఉడ్‌ఫోర్డ్ 1787లో అట్టి పెండ్లియొకటి తన చేతులతో జరిపి, బలవంతపు పెండ్లి ఎంత క్రూరమని తన దినచర్య పుస్తకమున వగచెను. పెండ్లి పుస్తకమున ఆ వగపునకు గడి లేదు. అందలి పద్దు తక్కిన పద్దులవంటిదే.

ఇక కోలిటన్ కీర్తికి వత్తము. అచటి పద్దులు 1928లో అచ్చుపడినవి. కేంబ్రిడ్జి విద్వాంసుడు రిగ్లీ వానిని పట్టుకొని, ప్రతి కుటుంబమునకు ఒక చీటీ వేసి, జ్ఞానస్నానపు పద్దును పెండ్లి పద్దుతోను, దానిని ఖననపు పద్దుతోను కలిపి, 1966లో తన ఫలితములను వెల్లడించెను. 1560–1646 నడుమ కోలిటన్ స్త్రీల తొలి వివాహపు సగటు వయస్సు 27 ఏండ్లు. 1647–1719 నడుమ 29.6. మగవారి సగటు 27.7 మాత్రమే! వధువు వరునికంటె పెద్దదగుట అచట సామాన్యమన్నమాట. 1770 తరువాత స్త్రీల సగటు 25.1కి దిగినది.

ఈ అంకెలు మొదట చూచినపుడు నేను అచ్చుతప్పనుకొంటిని. శాసనము చూడబోయిన ఇంగ్లండున ఆడపిల్లకు పండ్రెండేండ్లకే, మగపిల్లవానికి పదునాల్గేండ్లకే పెండ్లి చేయవచ్చును. దానిని పదునారేండ్లకు పెంచినది 1929లో. మన శారదా శాసనము పుట్టినదియు ఆ యేటనే. శాసనము అనుమతించినను పల్లెజనులు ఆగిరి. ఏలన, పెండ్లియనగా వారికి వేరింటికాపురము. యువతీయువకులు ఏడాదికొక యింట పాలేరుతనము, పనికత్తెతనము చేసి, కూలి కూడబెట్టి, కుండ చట్టి కొనగలిగినపుడే పెండ్లి. అందుచేతనే పైరుపంటల సీమలో పెండ్లిండ్లు కోతలు ముగిసి జీతపు గడువు తీరిన అక్టోబరు నవంబరులలోను, గొఱ్ఱెల సీమలో ఈనికలు ముగిసిన వసంతమునను ముమ్మరించెడివి. ఈస్టరు పండుగకు ముందటి ఉపవాసదినములు మనకు మూఢమివంటివి.

కోలిటన్‌లో 1645–46లో మహామారి వచ్చి జనులలో సుమారు ఐదవవంతు మరణించిరి. పెండ్లి వయస్సు పెరిగినది ఆ పిదపనే. చావులు పెరిగినచో పెండ్లిండ్లు త్వరపడవలెను గదా యని శంక కలుగును. మగవారు కొరతయై, ఆడువారు లేసు అల్లికతో తమ పొట్ట తాము పోసికొనుచుండుటయే కారణమని పమేలా షార్ప్ వాదించినది. ఆమె మరియొక హెచ్చరిక గూడ చేసినది. పుట్టుకనుండి చావువరకు పద్దులు కలియుట ఊరు కదలని వారికే సాధ్యము. పొట్టచేతబట్టుకొని ఊళ్లు తిరిగినవారు ఈ లెక్కలలో జారిపోదురు. ఇది నాకు చాల సబబుగా తోచినది.

తరువాత రిగ్లీ, స్కోఫీల్డు 404 పారిషుల పద్దులనుండి ఇంగ్లండు జనసంఖ్యా చరిత్రమును నిర్మించి 1981లో ప్రకటించిరి. ఆ పద్దులను నెలనెలకు లెక్కించి యిచ్చినది ఎక్కువగా ఆయా యూళ్లలోని చరిత్రాభిమానులు, జీతము లేని స్వచ్ఛందసేవకులు.

ఈ పద్ధతి మన తీరమునకు గూడ వచ్చినది. చెన్నపట్టణపు కోటలోని సెయింట్ మేరీ చర్చిలో 1680 నవంబరులో ఎలీహు యేల్ పెండ్లి జరిగినది. ఆ చర్చి పుస్తకమున తొలి పెండ్లి అదే. ఆ కాలమున మన పల్లెలందు కరణముల కవిలెలుండెడివి. మాన్యముల హద్దులు, శిస్తులు, తగవులు అన్నియు కలవు. పెండ్లిండ్లు మాత్రము లేవు. ఎవరి పెండ్లి ఎప్పుడైనదో ముసలమ్మల నోట వినవలసినదే.

1837 జూలై 1 నుండి ఇంగ్లండులో పెండ్లి పుస్తకము గడులు పెరిగినవి. వయస్సు, వృత్తి, నివాసము, తండ్రి పేరు, తండ్రి వృత్తి. తల్లి పేరునకు గడి లేదు. చదువురాని తల్లి కూతురి పెండ్లికి సాక్షియై గీటు పెట్టినచో అందెక్కెను గాని, తల్లిగా నెక్కలేదు. నూట ఎనుబది మూడేండ్లు గడచిన పిమ్మట, 2021 మే 4న, ఆ గడి వచ్చినది. ఆనాడే ఈ శాసనబద్ధమైన చేతివ్రాత పుస్తకములు మూయబడి, పెండ్లిండ్లను కంప్యూటరులో నెక్కించుట మొదలైనది. చర్చిలలో మిగిలిన ఖాళీ పుటలపై గీత కొట్టిరి.