రంగు గొగాఁదా, అజంతాదా? అమృతా షేర్‌గిల్ స్త్రీ చిత్రాలపై ఒక పరిశీలన

అమృతా షేర్‌గిల్ (1913–1941) కళ గురించి ఒక అభిప్రాయం బాగా స్థిరపడింది. పారిస్‌లో ఉండగా పాల్ గొగాఁ చిత్రాల నుంచి రంగు నేర్చుకున్నారనీ, స్వదేశానికి వచ్చాక అజంతా ఆమె కుంచెను మార్చిందనీ అంటారు. రెండింటిలోనూ నిజం ఉంది. అయితే ఏ చిత్రంలో దేని పాలు ఎంతో తేల్చాలంటే ముందు తేదీలు చూడాలి, ఆపైన బొమ్మలు చూడాలి. అందుకోసం 1934, 1935, 1937 నాటి మూడు చిత్రాలను ఇక్కడ పరిశీలిస్తున్నాను.

ముందుగా సాక్ష్యం గురించి ఒక హెచ్చరిక. తెలుగువారికి చిత్రకళ చాలాకాలం అచ్చు ద్వారానే అందింది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1924లో ప్రారంభించిన ‘భారతి’ పత్రిక ఆ రోజుల్లోనే రంగుల చిత్రాలను పాఠకుల ఇళ్లకు చేర్చింది. ఆ సేవ చిన్నది కాదు. కానీ అచ్చులో ఎరుపు ముదరవచ్చు, గోధుమరంగు నల్లబడవచ్చు. అందుకే ఈ వ్యాసంలో వన్నెల సూక్ష్మభేదాల జోలికి పోకుండా, అచ్చులోనూ చెక్కుచెదరని విషయాలకే పరిమితమవుతాను. రంగుల మధ్య వైరుధ్యం, ఆకృతుల అమరిక, చూపుల దిశ అలాంటివి.

మొదటి చిత్రం ‘తహితీ స్త్రీగా స్వీయచిత్రం’ (1934). గొగాఁ 1891లో తహితీ ద్వీపానికి వెళ్లి అక్కడి స్త్రీలను చిత్రించాడు. వెలుగునీడల కంటే చదునైన రంగుకు, స్పష్టమైన ఆకృతికి ప్రాధాన్యమిచ్చాడు. ఆ స్త్రీ స్థానంలో అమృత తనను తాను నిలుపుకున్నారు. నడుము పైన ఆచ్ఛాదన లేదు. చేతులు ముందుకు చేర్చి ఉన్నాయి. చూపు మనవైపు కాక పక్కకు మళ్లింది. వెనుక ఒక పురుషుడి నీడ, ఆ వెనుక తూర్పు ఆసియా బొమ్మలను తలపించే ఆకృతులు కనిపిస్తాయి. పేరులోనే తహితీ ఉంది కనుక గొగాఁతో సంబంధాన్ని ఊహించనక్కరలేదు. కానీ వెనుక గోడను జపాన్ ముద్రణలతో నింపడం వాన్ గో ‘పేర్ తాంగీ’ చిత్రంలోనూ ఉంది. కాబట్టి దీన్ని ఒక్క గొగాఁ ఖాతాలోనే వేయడం తొందరపాటు.

రెండవది ‘ముగ్గురు అమ్మాయిలు’ (1935). 1934 చివర భారతదేశానికి తిరిగివచ్చిన కొద్దికాలానికే వేసిన చిత్రమిది. 1937లో బొంబాయి ఆర్ట్ సొసైటీ బంగారు పతకం దీనికే వచ్చింది. ముగ్గురూ దగ్గరదగ్గరగా కూర్చున్నారు, అయినా ఒకరినొకరు చూసుకోరు. నేపథ్యంలో కిటికీ లేదు, వస్తువు లేదు. దుస్తులు పెద్దపెద్ద రంగుపట్టీలుగా పరుచుకున్నాయి. వంగిన తలలు, ఒడిలో కదలని చేతులు మన దృష్టిని చిత్రం దాటిపోనివ్వవు. విషాదాన్ని ముఖకవళికల కంటే ఎక్కువగా ఈ కూర్పే చెబుతోంది.

ఆమె అజంతాను చూసింది 1936 చివర. అంటే ‘ముగ్గురు అమ్మాయిలు’లోని చదునైన రంగుకూ సరళమైన ఆకృతికీ అజంతా దర్శనం కారణం కాజాలదు. అజంతా ప్రతులను అంతకుముందే చూసి ఉండవచ్చు కదా అనవచ్చు. ఆ అవకాశాన్ని కొట్టిపారేయలేం. కానీ పారిస్‌లో ఆమె నేరుగా చూసిన చిత్రాలే ఇక్కడ బలమైన ఆధారం.

అజంతా తర్వాత ఆమె హైదరాబాదులో తన చిత్రాలను ప్రదర్శించారు. యూరప్ చిత్రాలను విరివిగా సేకరించిన సాలార్ జంగ్ వాటిని కొనలేదు. అక్కడి నుంచి దక్షిణానికి సాగి కన్యాకుమారి, కొచ్చి చూశారు. మట్టాంచేరి కుడ్యచిత్రాలను శ్రద్ధగా పరిశీలించారు. సిమ్లా చేరాక 1937లో వేసిన మూడు చిత్రాల్లో ఒకటి ‘పెళ్లికూతురి అలంకరణ’. మన మూడవ సాక్ష్యం ఇదే.

ఇందులో లేతవన్నె పెళ్లికూతురు మధ్యలో కూర్చుంది. చుట్టూ ముదురు చాయ స్త్రీలు. ఒకామె జడ వేస్తోంది. పెళ్లికూతురి అరచేతుల్లో గోరింటాకు ఎరుపు. లోతు చాలా తక్కువ, అందరూ గోడకు ఆనించినట్టు పక్కపక్కనే అమరారు. 1935 చిత్రంలో మనుషులను విడదీసింది చూపులైతే, ఇక్కడ విడదీసేదీ కలిపేదీ శరీరవర్ణమే. దేహాలు ఒకదానినొకటి ఆనుకునే ఈ గుంపు అమరిక అజంతాకు దగ్గర. చదును రంగు మాత్రం అంతకుముందు నుంచీ ఉన్నదే.

కనుక ఈ మూడు చిత్రాల మేరకు చెప్పగలిగింది ఇది: రంగును చదునుగా పరిచే పద్ధతి పారిస్ నుంచి వచ్చింది. మనుషులను సమూహంగా కూర్చే పద్ధతి భారతీయ కుడ్యచిత్రాలు చూశాక బలపడింది. అజంతా ఆమెను కొత్తగా మొదలుపెట్టించలేదు, ఉన్న దారిలోనే ముందుకు నడిపింది. ఇతర చిత్రాలను ఇదే వరుసలో పరీక్షిస్తే ఈ నిర్ణయం గట్టిపడవచ్చు, సవరణా అవసరం కావచ్చు.

అమృత చిత్రాలు అధికభాగం ఢిల్లీలోని నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడరన్ ఆర్ట్‌లో ఉన్నాయి. అవకాశం ఉన్నవారు తప్పక వెళ్లి మూలచిత్రాలను చూడాలి. తెలుగు ప్రచురణకర్తలకు నా విన్నపం ఒక్కటే: చిత్రాన్ని అచ్చువేసినప్పుడు దాని కింద సంవత్సరం, మాధ్యమం, ఉన్న చోటు తప్పకుండా ముద్రించండి. ఆ మూడూ లేకపోతే ప్రభావాల గురించి మనం చెప్పేదంతా ఊహగానే మిగులుతుంది.