మంచు దేశంలో స్కారబ్‌ల చరిత్ర

కెనడాలో చాలాచోట్ల ఏటా నెలల తరబడి నేల గడ్డకట్టుకుపోతుంది. పేడపురుగు, కొబ్బరిచెట్టు మొవ్వు తొలిచే కొమ్ము పురుగు, వేరుశనగ చేలో వేరుపురుగు... ఇవన్నీ ఉన్న స్కారబ్ సంతతికి అచ్చివచ్చేది ఉష్ణదేశపు వేడి. అయినా ఆ సంతతి వంశవృక్షాన్ని సరిదిద్దిన పుస్తకాలు కొన్ని ఒట్టావా నుంచే వచ్చాయి. అదెలా జరిగిందో చెప్పుకోవాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

1758లో లిన్నేయస్ తన 'సిస్టమా నాచురే' పదో కూర్పులో కీటకాల వరుసను పెంకుపురుగులతో, పెంకుపురుగుల వరుసను స్కారబేయస్ ప్రజాతితో మొదలుపెట్టాడు. మీసాల చివర విసనకర్రలా విచ్చుకునే రేకులు స్కారబ్‌ల గుర్తు. 1802లో లాత్రెయి వీటికి కుటుంబ హోదా ఇచ్చాడు. అప్పట్లో పురుగు ఒక ఖండంలో, పేరు పెట్టేవాడు మరో ఖండంలో. కాకినాడ జగన్నాథపురంలో 1785లో కన్నుమూసిన వైద్యుడు కోనిగ్ మన తీరం నుంచి పురుగులు పంపితే, వాటిని యూరప్‌లో కూర్చుని వర్ణించింది కీటక శాస్త్రవేత్త ఫాబ్రిసియస్. కెనడాదీ అదే కథ. కెనడా ఉత్తరాన్ని శోధించిన ఫ్రాంక్లిన్ యాత్రల్లో రిచర్డ్‌సన్ బృందం పోగుచేసిన కీటకాలను 1837లో గ్రంథస్థం చేసిన విలియం కర్బీ ఇంగ్లండులో ఓ పల్లె చర్చి పాదరీ. కెనడాలో కాలు పెట్టినవాడు కాదు.

ఈ పద్ధతికి ఎదురు తిరిగినవాడు మరో పాదరీ, క్యూబెక్‌కు చెందిన లియోన్ ప్రొవాంషే. 1868లో ఫ్రెంచి భాషలో ప్రకృతిశాస్త్ర పత్రిక పెట్టి, 1877లో కెనడా పెంకుపురుగుల మీద సొంత గ్రంథం వేశాడు. చేతిలో పుస్తకాలు తక్కువ, పోల్చుకోవడానికి నమూనాలు మరీ తక్కువ. తప్పులు దొర్లాయి. ఆయన్ని తప్పుపట్టిన వాళ్లందరికంటే ఆయన సాహసమే పెద్దదని నాకనిపిస్తుంది.

ప్రభుత్వం రంగంలోకి దిగింది మాత్రం శాస్త్రం మీద మక్కువతో కాదు, పంట నష్టంతో. 1884లో జేమ్స్ ఫ్లెచర్ ప్రభుత్వ కీటక శాస్త్రవేత్త అయ్యాడు. 1910లో హానికర కీటకాల చట్టం వచ్చింది. నష్టం చేసేవాటిలో స్కారబ్‌లూ ఉన్నాయి. జూన్ పెంకుపురుగుల పిల్లలు మూడేళ్లపాటు నేలలో ఉండి గడ్డి, బంగాళాదుంప వేళ్లు కొరుకుతాయి. 1939లో జపాన్ పెంకుపురుగు ఓ పర్యాటకుడి కారులో, పడవెక్కి నోవా స్కోషియాలోని యార్మత్‌కు వచ్చింది. 2001లో బ్రిటిష్ కొలంబియాలో యూరోపియన్ చేఫర్ అనే మరో స్కారబ్ బయటపడింది. అక్కడి సర్రేలో ఇల్లు కొన్న మనవాళ్లు పొద్దున లేచి చూస్తే, కాకులూ స్కంకులూ పురుగుల కోసం పచ్చికను చాపలా చుట్టి పారేసి ఉంటాయి.

పచ్చిక కింద దొరికే ఆ తెల్లటి పిల్లపురుగుల్లో ఏది ఏదో పోల్చుకోవాలంటే పురుగును వెల్లకిలా తిప్పి, తోక చివర భూతద్దం పెట్టాలి. అక్కడి ముళ్లు వి అక్షరంలా ఉంటే జపాన్‌ది. రెండు వరుసలుగా వచ్చి చివర విడిపోయి వై అక్షరంలా కనిపిస్తే చేఫర్. విడిపోకుండా సమాంతరంగా సాగితే జూన్ పురుగు. మందు కొట్టాలా వద్దా అన్నది ఈ నాలుగు వెంట్రుకలు చూశాకే తేలుతుంది.

ఇక ఒట్టావా కథలో అసలు మనిషి హెన్రీ హౌడెన్ (1925–2014). అమెరికాలో పుట్టి ఒట్టావాలో స్థిరపడి, కార్ల్‌టన్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పాడు. భార్య ఆన్ ముక్కుపురుగుల నిపుణురాలు. ఆయన 1964లో ఉత్తర, మధ్య అమెరికాల జియోట్రూపిడ్‌లనే నేల తొలిచే పెంకుపురుగుల మీద రాసిన గ్రంథంలో వాటిని స్కారబ్‌లలో ఉపకుటుంబంగానే ఉంచాడు. ఇప్పుడు అవి వేరు కాపురం పెట్టి సొంత కుటుంబమయ్యాయి. గ్రంథం మాత్రం పాతబడలేదు. ఎందుకంటే అందులోని వర్ణనలు వర్గీకరణ మీద కాక, పురుగు మీద ఆధారపడ్డాయి. 1975లో సహ పరిశోధకుడు నీలిస్‌తో కలిసి కొలంబియాలోని లెటీసియాలో అడవి కొట్టిన జాగాను, పక్కనే ఉన్న అడవిని పోల్చి చూశాడు. చెట్లు పోయిన చోట పేడపురుగు జాతులు దారుణంగా తగ్గిపోయాయి. అడవి ఆరోగ్యాన్ని పేడపురుగుతో కొలిచే అధ్యయనాలకు ఆ వ్యాసం ఒక పునాది. హౌడెన్ దంపతుల సేకరణ ఇప్పుడు కెనడా ప్రకృతి మ్యూజియంలో ఉంది.

ఒట్టావాలోనే ఉన్న జాతీయ కీటక భాండాగారంలో 1 కోటి 70 లక్షలకు పైగా నమూనాలున్నాయి. 2013లో వెలువడిన జాబితా కెనడా, అలాస్కాల పెంకుపురుగుల జాతులూ ఉపజాతులూ కలిపి 8,237 అని లెక్క తేల్చింది; వాటిలో కొన్ని బయటినుంచి వచ్చినవే. 2006లో కీటక శాస్త్రవేత్త ఆండ్రూ స్మిత్ స్కారబ్ కుటుంబాల పేర్ల చిక్కుముడులు విప్పుతూ వర్గీకరణను కూర్చాడు. ఆల్బర్టాలోని లెత్‌బ్రిడ్జ్‌లో పరిశోధకుడు కెవిన్ ఫ్లోట్ పశువులకు వేసే పురుగుమందులు పేడలో మిగిలి పేడపురుగులను ఏం చేస్తున్నాయో చూశాడు. అక్కడి పచ్చికబయళ్ల పేడలో ఎక్కువగా దొరికే పేడపురుగులు కూడా యూరప్ వలసదారులే.

పేడపురుగులను మనుషులే కావాలని తరలించిన సందర్భాలూ ఉన్నాయి. ఫాబ్రిసియస్ పేరుపెట్టిన గజెల్లా పేడపురుగును పేడ శుభ్రం చేయడానికని ఆస్ట్రేలియా, అమెరికాల్లో వదిలారు. 2017లో కెనడా ప్రకృతి మ్యూజియంకు చెందిన ఫ్రాన్స్వా జెనియే, సహ పరిశోధకుడు మొరెట్టోతో కలిసి ఆ ప్రజాతిని తిరగతోడితే, ఆఫ్రికాలో అందరూ గజెల్లా అంటున్నది ఒక జాతి కాదని, పలు జాతుల గుంపని బయటపడింది. మన ఆవుపేడలో తిరిగే దాని దగ్గరి చుట్టం బొనాసస్ వేరే జాతి. ఇన్ని దశాబ్దాలుగా గజెల్లా పేరుతో అచ్చయిన వ్యాసాల్లో ఏది ఏ పురుగు గురించో తేలాలంటే, ఆనాడు సూదికి గుచ్చిన నమూనాలను మళ్లీ బయటికి తీయాల్సిందే.