బాల్యమున బిగిసిన దవడకీలు, ముఖవికాసము

బెంగళూరు కోటప్రాంతమున, 1900లో ప్రారంభమైన విక్టోరియా ఆసుపత్రి చెంత 1958లో నెలకొనిన ప్రభుత్వ దంతవైద్య కళాశాలవంటి చోట్లకు కోలారు, చిత్తూరు, అనంతపురము సీమలనుండి బిడ్డలను వెంటబెట్టుకొని వచ్చు తెలుగు తల్లులు ముఖరూపమును మొదట ప్రస్తావింపరు. సంగటిముద్ద నోట పట్టుటలేదనియు, అంబలితోనే కడుపు నింపవలసివచ్చుచున్నదనియు, రాత్రి గురకలో ఊపిరి యాగియాగి వచ్చుచున్నదనియు వారి మొర. ముఖము ఏండ్లమీద మెల్లగా మారును గనుక, ప్రతిదినము చూచు కంటికి ఆ మార్పు చిక్కదు.

మూలము పెక్కుసారులు ఒక పాటు. బాలుడు మెట్లపై జారి గడ్డము కొట్టుకొనినపుడు ఆ దెబ్బ దవడయెముక వెంట పైకి ప్రాకి, చెవిముందరి కీలులోని కాండైలు అను దవడయెముక తలను తాకును. పసివయస్సున అది పలుచని పైపొరతో, నెత్తురు నిండి, మెత్తగా నుండుటచే నలిగిపోవును. గడ్డముమీది గాటునకు కుట్లు వేయించి యింటికి కొనిపోవుదురు. చెవిముందరి గాయమును తలచువారుండరు. నొప్పికి జడిసి బిడ్డ నోరు కదపడు. కదలని కీలులో గడ్డకట్టిన నెత్తురు క్రమముగా నారయై, నార యెముకయై, దవడ కపాలమున కతుకుకొనును. యాంకిలోసిస్ అనునది యిదియే. చెవిలోని చీము కీలునకు ప్రాకుటచేతను ఇది కలుగవచ్చును. 1986లో చండీగఢ్ శస్త్రవైద్యుడు సాహ్నీ దీనిని నాలుగు తరగతులుగా విభజించెను. నాలుగవదానియందు దవడయు కపాలమును ఒక్క యెముకయే.

ఒకవైపే బిగిసినపుడు ముఖము చూపరిని మోసగించును. నిండుగా గానవచ్చు చెంపయే రోగమున్న చెంప: అచటి యెముక పొట్టిదగుటచే మాంసము ఉబికియుండును. ఎదుగుచున్న మంచివైపు దవడ గడ్డమును రోగపువైపునకు నెట్టుచు, తాను చదునుగా సాగి, చిక్కినట్లు తోచును. క్రొత్త విద్యార్థి మంచికీలునే రోగపుకీలని వ్రేలితో చూపినచో ఆశ్చర్యపడ బనిలేదు. నోరు తెరువజూచు కండరములు నిరంతరము క్రిందికి లాగుటచే దవడయంచున గుంట పడును. రెండువైపులు బిగిసినచో గడ్డము వెనుకకుపోయి, వైద్యులు పక్షిముఖమందురే, ఆ రూపమేర్పడును. నాలుకయు వెనుకకొరిగి శ్వాసమార్గమును ఇరుకుచేయును.

దవడ యెదుగని ఈ లోపము కాండైలు మృదులాస్థి నశించుటచేతనా, నోరు ఆడకపోవుటచేతనా? 1951లో సార్నాట్, ఎంగెల్ అనువారు ఎదుగుచున్న కోతులయందు కాండైలును తొలగించి, దవడ కుఱుచయగుట చూపిరి. 1960ల దశకమున మెల్విన్ మాస్, యెముక తనంత తాను పెరుగదనియు, కండరముల యాటయు శ్వాసయు నమలుటయు దానిని పెంచుననియు వాదించెను. యాంకిలోసిస్ ఈ వివాదమును తేల్చజాలదు. అందు రెండును ఒక్కసారే పోవును. అయినను కాండైలు విరిగియు కీలు ఆడుచునే యున్న పిల్లలయందు, విరిగిన కొన తరచు మరల రూపుకట్టి ముఖము దాదాపు సమముగా పెరుగుట చూచినపుడు, నా మనస్సు మాస్ పక్షమునకే మొగ్గుచున్నది.

ఇక చికిత్స: 1990లో శస్త్రవైద్యుడు కబాన్ బృందము ప్రకటించిన పద్ధతిలో, అతుకుకొనిన యెముకను పూర్తిగా తొలగించి, శస్త్రచికిత్సాబల్లమీదనే నోరు కనీసము 35 మిల్లీమీటర్లు తెరచుకొనునట్లు చేసి, కణతకండరపు పొరను నడుమ పఱచి, పక్కటెముకను దాని మృదులాస్థితో గూడ నాటుదురు. ఆ నాటు ఒకప్పుడు ఎదుగకుండుటయు, ఒకప్పుడు మితిమీరి యెదిగి గడ్డమును రెండవవైపునకు త్రోయుటయు కలదు. ఆ తరువాతిది యింటిపని: పండ్లనడుమ ఐసుపుల్లలు దొంతరగా దూర్చి, క్రమముగా హెచ్చించుచు, నెలలతరబడి నోరు తెరపింపవలెను. బిడ్డ యేడ్చును, తల్లిమనస్సు కరగి పుల్లలు తీసివేయును, కీలు మరల బిగియును. కొలతకు పరికరము లేనిచోట, బిడ్డ తన మూడువ్రేళ్లను నిలువుగా పండ్లనడుమ పెట్టుకొనగలుగుచున్నాడా యని ప్రతియుదయము చూచిన చాలును.